చేతికీ తుపాకీకీ మధ్య దూరం

ఎన్నికల కోడ్ వచ్చిందంటే ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందులలో లైసెన్సు తుపాకులున్నవాళ్లు వాటిని పోలీసు స్టేషన్లో అప్పగించి రసీదు తెచ్చుకోవడం మామూలు. అది చూస్తూ పెరిగిన మనకు, అమెరికాలో వేటగాడు రైఫిల్ పెట్టెను విమాన కంపెనీ కౌంటర్లో ఇచ్చి, బట్టల సూట్‌కేసుతో పాటే లగేజీలో వేయించి మాంటానాకో అలాస్కాకో వెళ్తాడంటే వెర్రితనంగానే తోస్తుంది. ఈ దేశంలో స్థిరపడినవాడిగా నేను అనేది ఒకటే: ఈ పద్ధతి వెనక నిర్లక్ష్యం లేదు. పౌరుడి దగ్గర తుపాకీ లాక్కోలేని ప్రభుత్వం, కనీసం ప్రయాణం సాగినంతసేపు అతని చేతికీ తుపాకీకీ మధ్య దూరం పెట్టడం నేర్చుకుంది. దెబ్బలు తిని నేర్చుకున్న పాఠమది. ఇంకా పూర్తి కాలేదు కూడా.

మన దారి వేరు. 1800లో నిజాం దత్తమండలాలను ఈస్టిండియా కంపెనీకి రాసిచ్చాక, కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో ముందుగా చేపట్టిన పనుల్లో పాలెగాళ్ల బలగాలను అణచడం ఒకటి. 1878 ఆయుధ చట్టం భారతీయులకు లైసెన్సు తప్పనిసరి చేసి యూరోపియన్లను వదిలేసింది. స్వతంత్ర భారతం 1959లో కొత్త చట్టం తెచ్చినా, లైసెన్సు ఇవ్వాలా వద్దా అన్నది అధికారి నిర్ణయంగానే మిగిలింది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంతో వేటకూ దాదాపు తెరపడింది. అమెరికాలో 1791 నాటి రెండో రాజ్యాంగ సవరణే ఆయుధాన్ని హక్కుగా చెప్పింది. వేటను వీళ్లు ఆపలేదు, సీజన్లూ పర్మిట్లూ పెట్టి లెక్కలోకి తెచ్చారు. ఆ లెక్క రావడానికి ముందు ఇక్కడి బైసన్ మందలు దాదాపు తుడిచిపెట్టుకుపోయాయి. ఒకప్పుడు ఆకాశాన్ని కమ్మేసిన ప్యాసింజర్ పావురాల్లో చివరిది 1914లో సిన్సినాటి జూలో చనిపోయింది. 1937లో వచ్చిన పిట్‌మన్-రాబర్ట్‌సన్ చట్టం కింద రైఫిళ్ల మీద, తూటాల మీద 11 శాతం పన్ను వన్యప్రాణి సంరక్షణకు వెళ్తుంది. లంకమలలో కలివికోడి అనే పక్షి కోసం మనం అడవికి అభయారణ్యమని హద్దు గీశాం. ఇక్కడ జింకను కాపాడే ఖర్చులో వేటగాడి వాటా ఉంది. అందుకే ఆ వేటగాడిని దొంగలా చూడరు. దేశం ఈ కొస నుంచి ఆ కొసకు విమానమెక్కే హక్కు అతనికీ ఉందంటారు.

మరి విమానం లోపల తుపాకీ ఎందుకు కూడదు? 1961 మే 1న ఫ్లోరిడా నుంచి బయల్దేరిన విమానాన్ని ఒకడు బెదిరించి క్యూబాకు మళ్లించాడు. ఆ సెప్టెంబరులోనే విమానంలోకి ఆయుధం దాచి తీసుకెళ్లడం నేరమన్నారు. కానీ సోదా లేని చట్టం ఎవరిని ఆపుతుంది? 1968 నుంచి 1972 దాకా ఈ దేశంలో 130కి పైగా హైజాకులు జరిగాయి. ప్రయాణికులందరినీ సోదా చేస్తే జనం విమానాలెక్కరని కంపెనీలు భయపడ్డాయి. 1972 నవంబరులో హైజాకర్లు ఓక్‌రిడ్జ్ అణు కేంద్రం మీద విమానాన్ని కూలుస్తామని బెదిరించాక ఆ వాదనకు బలం పోయింది. 1973 జనవరి 5 నుంచి అందరికీ సోదా మొదలైంది. లగేజీలో రైఫిల్‌కు పెట్టిన షరతులన్నీ చేతికీ తుపాకీకీ మధ్య దూరం ఉండాలన్న ఆలోచన మీదే నిలబడ్డాయి: తూటాలు తీసేసి ఉండాలి, గట్టి పెట్టెకు తాళం వేయాలి, తాళంచెవి యజమాని దగ్గరే ఉండాలి, కౌంటర్లో ముందే తెలిపి అప్పగించాలి. తూటాలను వాటి కోసమే చేసిన డబ్బాల్లో సర్దాలి. చాలా కంపెనీలు 5 కిలోలకు మించి ఒప్పుకోవు.

ఇంత తుపాకీ స్వేచ్ఛను మెచ్చుకుంటున్నావా అని మీరు అడగొచ్చు. లేదు. 2021లో ఇక్కడ తుపాకీ వల్ల పోయిన ప్రాణాలు, ఆత్మహత్యలతో కలిపి, 48,830. ఆ సంఖ్య ముందు ఏ హక్కు వాదనైనా తలదించుకోవాలి. లైసెన్సు ఒక్కటే చాలని కూడా నేననను: మన ఫ్యాక్షన్ ఊళ్లలో ప్రాణాలు తీసిన నాటుబాంబులకు ఏ కలెక్టరూ లైసెన్సు ఇవ్వలేదు. ఇంతకన్నా గట్టి అభ్యంతరం మరొకటుంది. 2017 జనవరి 6న ఫోర్ట్ లాడర్‌డేల్ విమానాశ్రయంలో ఒక ప్రయాణికుడు, నిబంధన ప్రకారమే లగేజీలో పంపిన పిస్తోలును దిగాక తీసుకుని, తూటాలు నింపి అయిదుగురిని చంపాడు. దూరం గాలిలో ఉన్నంతసేపే పనిచేసింది, లగేజీ అందే చోట తెగిపోయింది. అయితే అంతకు రెండు నెలల ముందే అతను ఎఫ్‌బీఐ కార్యాలయానికి వెళ్లి తన మనసును ఎవరో నడిపిస్తున్నారని చెప్పాడు. అప్పుడు పోలీసులు తీసుకున్న తుపాకీని డిసెంబరులో తిరిగి ఇచ్చేశారు. నా దృష్టిలో అసలు తప్పు ఆ తిరిగి ఇవ్వడంలోనే జరిగింది. అక్కడ ఆగనిదాన్ని లగేజీ తాళం ఆపలేదు.

ఈ వెసులుబాటు అమెరికా గడప దాటాక చెల్లదు. వేటకు అలవాటుపడ్డ మనవాళ్లెవరైనా సెలవులకు కడపకు బయల్దేరితే, వేట కోటు జేబులూ బ్యాగు అరలూ ముందే వెతుక్కోవాలి. మరిచిపోయిన ఒక్క తూటా శంషాబాద్‌లో బయటపడినా ఆయుధ చట్టం కింద కేసు పెట్టొచ్చు.