వినగల హృదయము – సేవకుని మొదటి ప్రార్థన



శతవార్షికోత్సవ సమయమున మన పితరులు కట్టిన దేవాలయములను, పాఠశాలలను, ఆసుపత్రులను లెక్కించుకొనుట న్యాయమే. అయితే వారు ఏ జ్ఞానముతో సేవ చేసిరో, ఆ జ్ఞానము వారికెట్లు లభించెనో తెలిసికొనుట అంతకంటె ప్రయోజనకరము.

సేవకొరకు జ్ఞానము నడిగినవారిలో మనకు మొదట జ్ఞాపకము వచ్చువాడు సొలొమోను. గిబియోనులో దేవుడు ప్రత్యక్షమై ఏమి కావలెనో అడుగుమనగా, అతడు దీర్ఘాయువును, ఐశ్వర్యమును, శత్రువుల ప్రాణమును అడుగలేదు. ప్రజలకు న్యాయము తీర్చగల హృదయమును అడిగెను. హెబ్రీ మూలములో అక్కడున్న మాట 'లేవ్ షోమేయ', అనగా 'వినెడి హృదయము'. మనము జ్ఞానమనగా చక్కగా మాటలాడు శక్తి యనుకొందుము. సొలొమోను అడిగినది వినగల శక్తి. ఆ తరువాత మనము చదువు మొదటి తీర్పులో అతడు చేసినదియు అదియే. సమాజము లెక్కచేయని ఇద్దరు స్త్రీల వాదనను రాజు ఓపికతో వినెను. వినినందుననే ఆ బిడ్డ తల్లి యెవరో అతనికి తెలిసెను.

కాని చరిత్ర అక్కడితో ముగియలేదు. సొలొమోను దేవుని మందిరమును 7 సంవత్సరములు, తన నగరును 13 సంవత్సరములు కట్టించెను. లెబానోను పనికి నెలకు 10,000 మంది వంతున 30,000 మందిని వెట్టికి పంపెను. కట్టడములు పెరిగెను, ప్రజల మెడమీది కాడియు బరువెక్కెను. అతని కుమారుడైన రెహబాము నొద్దకు ప్రజలు వచ్చి, ఆ కాడిని తేలిక చేయుమని వేడుకొనిరి. ఈ ప్రజలకు దాసుడవై యుండుమని పెద్దలు చెప్పిన ఆలోచనను అతడు త్రోసివేసెను. పది గోత్రములు విడిపోయెను. తండ్రి అడిగి పొందిన వినెడి హృదయము కుమారునికి ఆస్తివలె సంక్రమించలేదు. ప్రతి తరమువారును దానిని మోకాళ్లమీద అడుగవలసినదే.

మన తెలుగు సంఘములలో అట్లు అడిగిన తరమొకటి యుండెను. దానిలో అగ్రగణ్యులు బిషప్ వేదనాయకం శామ్యూల్ అజరయ్యగారు. 1874లో తిరునల్వేలి సీమలో ఒక గ్రామ పాదిరిగారి యింట జన్మించిన వీరి మాతృభాష తమిళము. వై.ఎం.సి.ఏ. కార్యదర్శిగా గౌరవనీయమైన ఉద్యోగములో నుండియు, దానిని విడిచి 1909లో నిజాం రాజ్యములోని దోర్నకల్‌కు మిషనెరీగా వచ్చిరి. దాదాపు 35 ఏండ్ల వయస్సులో తెలుగు నేర్చుకొనిరి. బోధింప వచ్చిన పెద్దమనిషి ముందుగా విద్యార్థియై కూర్చుండుట చిన్న సంగతి కాదు.

1910లో ఎడిన్‌బరో మహాసభలో వారు పాశ్చాత్య మిషనెరీల త్యాగమును కొనియాడుచునే, భారతీయులను క్రింది పనివారుగా గాక స్నేహితులుగా చూడవలెనని నిర్భయముగా పలికిరి. 1912 డిసెంబరు 29న కలకత్తాలో అభిషేకము పొంది, ఆంగ్లికన్ సంఘములో మొట్టమొదటి భారతీయ బిషప్పు అయిరి. పైవారినుండి కోరిన స్నేహమును వారు తమకంటె బీదలైన వారికి ఇయ్యక మానలేదు. ఊరి వెలుపల నెట్టివేయబడిన పల్లెలలో తిరుగుచు, ప్రజల కష్టములను దగ్గరనుండి చూచిరి. మురికి, రోగము, అప్పు, త్రాగుడు అను నాలుగు దయ్యములతో పోరాడవలెనని బోధించిరి. గ్రామ ఉపదేశకులతో పాటు వారి భార్యలకును శిక్షణ అవసరమని గ్రహించిరి. చేతిలో పైకము లేని తల్లి కూడ వంట వేళ పిడికెడు బియ్యము తీసియుంచి దేవునికి అర్పింపవచ్చునని మన సంఘములు నేర్చుకొన్నది ఆ తరములోనే. 1939 జనవరి 6న ప్రతిష్ఠింపబడిన దోర్నకల్ ఎపిఫనీ కథీడ్రలును చూడుడు. అందులో దేశీయ ఆలయముల స్తంభములును, మసీదుల పోలికగల గుమ్మటములును కనబడును. ఈ నేలమీదివారికి పరాయిది కాని దేవాలయమది.

1919లో తరంగంబాడిలో ఆరంభమైన సంఘైక్య ప్రయత్నములో వారు ముఖ్యులు. 1945 జనవరి 1న ప్రభువునందు నిద్రించిరి. వారు ఆశించిన దక్షిణ ఇండియా సంఘము 1947 సెప్టెంబరు 27న ఏర్పడెను. మోషేవలె దూరమునుండి చూచిరేగాని ప్రవేశింపలేదు.

ప్రియులారా, నేడు మన సంఘములలో మాటలాడువారు అనేకులు. కమిటీలలో, ఎన్నికలలో, వేదికలమీద స్వరములు హెచ్చుగానున్నవి. వెనుక వరుసలో కూర్చుండు విధవరాలి మాట, జీతము చాలని గ్రామ ఉపదేశి మాట, పట్టణమునకు పనికి పోయిన యువకుని తల్లి మాట ఎవరు వినుచున్నారు? జ్ఞానము కొదువైనవాడు దేవుని అడుగవలెనని యాకోబు భక్తుడు వ్రాసెను. అడిగినవానికి దేవుడు ధారాళముగా దయచేయును. అయితే ఆ జ్ఞానము తరచుగా మనము సేవించు బీదవాని నోటనే మన చెవిని బడును. పాస్టరుగాని, ఉపాధ్యాయుడుగాని, నర్సుగాని, సంఘ పెద్దగాని, ఉదయమున మొదట చేయవలసిన ప్రార్థన వినెడి హృదయము కొరకే.

రెండవ శతాబ్దములో అడుగిడు మన సంఘమును, పెద్ద కట్టడములు గలదిగా మాత్రమే గాక, పెద్ద చెవులు గలదిగా దేవుడు చేయును గాక. ఆమేన్.