ద్రవ ఇంధనాల జ్వలన ఉష్ణోగ్రతలు - ఘాట్ మార్గాల్లో పాటించవలసిన జాగ్రత్తలు

అల్లూరి సీతారామరాజు జిల్లా అనంతగిరి మండలం మీదుగా అరకులోయకు సాగే ఘాట్ రోడ్డులో బ్రేకులు, పొగగొట్టాలు విపరీతంగా వేడెక్కుతాయి. ఈ దృష్ట్యా ఇంధనాలు ఏ వేడికి అంటుకుంటాయో వాహనదారులకు, అధికారులకు తెలిసి ఉండటం అవసరం.

నిప్పు తగిలితే ఇంధనపు ఆవిరి అంటుకునే కనిష్ఠ ఉష్ణోగ్రతను ఫ్లాష్ పాయింట్ అంటారు. నిప్పు తగలకుండా కేవలం వేడికే ఇంధనం మండే కనిష్ఠ స్థాయి స్వయం జ్వలన ఉష్ణోగ్రత. వీటి ఉజ్జాయింపు విలువలు సెల్సియస్ డిగ్రీలలో:

* పెట్రోలు: ఫ్లాష్ పాయింట్ మైనస్ 43, స్వయం జ్వలనం 250-280
* ఇథనాల్ (పెట్రోలులో కలిపేది): 13-17, 365
* కిరోసిన్: 35కు పైన, 210-220
* డీజిలు: 35కు పైన, 210-250

స్వయం జ్వలన ఉష్ణోగ్రత ఎక్కువైనంత మాత్రాన పెట్రోలు సురక్షితమని భావించరాదు. మన్యంలో చలికాలపు రాత్రి ఉష్ణోగ్రత 10 డిగ్రీల లోపునకు పడిపోయినా, పెట్రోలు ఆవిరి చిన్న నిప్పురవ్వకే అంటుకుంటుంది. గాలికంటే బరువైన ఆ ఆవిరి పల్లానికి పాకి, దూరాన ఉన్న పొయ్యినీ చేరగలదు. కిరోసిన్‌లో కొద్దిపాటి పెట్రోలు కలిసినా దీపాలు, స్టవ్‌లు పేలే ప్రమాదముంది. ఇక డీజిలు నిప్పురవ్వకు త్వరగా అంటుకోకపోయినా, బాగా కాలిన పొగగొట్టంపై కారితే నిప్పు లేకుండానే మండగలదు.

2013 అక్టోబరు 30న అప్పటి మహబూబ్‌నగర్ జిల్లా పాలెం వద్ద కల్వర్టును ఢీకొన్న బస్సు డీజిలు ట్యాంకు పగిలి మంటలు చెలరేగగా 45 మంది మరణించారు. 2025 అక్టోబరు 24న కర్నూలు సమీపాన చిన్నటేకూరు వద్ద బస్సు కింద ఇరుక్కున్న మోటారు సైకిలును ఈడ్చుకుపోవడంతో నిప్పురవ్వలు రేగి, కారిన పెట్రోలు అంటుకుంది. ఈ దుర్ఘటనలో 19 మంది ప్రయాణికులు సజీవ దహనమయ్యారు.

ఫ్లాష్ పాయింట్ 23 డిగ్రీల లోపు గల ఇంధనాలను 1934 నాటి పెట్రోలియం చట్టం 'ఎ' తరగతిగా వర్గీకరించింది. పెట్రోలు ఈ తరగతికి చెందుతుంది. అమ్మకానికి కాని పక్షంలో లైసెన్సు లేకుండా 30 లీటర్ల వరకు నిల్వ ఉంచుకోవచ్చు. అయితే గట్టిగా మూత బిగించిన గాజు, పింగాణీ పాత్ర 1 లీటరుకు, లోహ పాత్ర 25 లీటర్లకు మించరాదు. ప్లాస్టిక్ సీసాలకు ఇందులో చోటు లేదు.

ఘాట్ దిగునపుడు తక్కువ గేరులో నడిపి బ్రేకులపై భారం తగ్గించాలి. ఇంధన గొట్టాల్లో లీకులుంటే ప్రయాణానికి ముందే సరిచేయించాలి. మండుతున్న పెట్రోలుపై నీరు పోస్తే అది నీటిపై తేలి మంటను విస్తరింపజేస్తుంది. ఇసుక, నురుగు లేదా పొడి రసాయనం వాడాలి. ప్రమాదం సంభవిస్తే ముందుగా ప్రయాణికులను దించి, 101 లేదా 112కు సమాచారం అందించాలి.