రాహ్‌దారీ నుంచి వన్‌వే దాకా

మనం రోజూ వాడే ‘రహదారి’ దర్బారు నుంచి తెలుగులోకి వచ్చిన మాట. ఫార్సీలో రాహ్ అంటే దారి. రాహ్‌దారీ అంటే ఆ దారికి కాపలా, ఆ కాపలా పేరున వసూలు చేసే మహసూలు. పాత తెలుగులో రహదారి చీటీ అంటే ముసాఫిర్ చేతిలో ఉండాల్సిన ఇజాజత్‌నామా. సడక్ మీద ఎవరు పోవాలో, ఎటు పోవాలో చెప్పే హుకుం కొత్తదేం కాదన్నమాట. ఇరుకు వీధి కనపడగానే ‘వన్‌వే చేసేయండి’ అనేవాళ్లని చూస్తే నాకు ఆ చీటీయే గుర్తొస్తుంది.

కుతుబ్‌షాహీల జమానాలో గోల్కొండ నుంచి బందరు దాకా సాగిన రాస్తా మనది. ‘బందర్’ అన్నా ఫార్సీలో రేవే. 1611లో ఇంగ్లీషువాళ్లు అక్కడ కోఠీ పెట్టారు. డచ్చివాళ్లు అంతకు ముందే దిగారు. 1678లో అబుల్ హసన్ తానీషా బందరు చూడ్డానికి బయల్దేరాడు. ఆ సఫర్‌లోనే కూచిపూడి భాగవతుల ఆట చూసి, ఖుష్ అయి, ఊరిని అగ్రహారంగా ఇనాం ఇచ్చాడని రివాయత్. ఆ ఇనాం ఆస్తిని కుటుంబాలు పంచుకున్న 1763 నాటి పత్రం కూడా ఉంది. మన పిల్లలకి తానీషా అంటే రామదాసు జైలు కథ ఒక్కటే తెలియడం అఫ్సోస్.

ఆ ఆటని వీధి భాగవతం అనేవారు. పేరులోనే వీధి ఉంది. జనం చాపలు పరుచుకుని కూర్చున్న రాత్రి బండి చుట్టూ తిరిగి పోవాల్సిందే. మన మొహల్లాల్లో వీధి ఇప్పటికీ అలాంటిదే. బారాత్ అక్కడే నడుస్తుంది. జనాజా అక్కడ నుంచే భుజాల మీద వెళ్తుంది. జుమా నమాజ్ అయ్యాక బుజుర్గులు అక్కడే నిలబడి ఖైరియత్ అడుగుతారు.

బందరులో కోఠీ పెట్టిన ఆరేళ్లకి, 1617లో, అదే ఇంగ్లీషువాళ్ల లండన్‌లో థేమ్స్ నది పక్కన పుడ్డింగ్ లేన్‌తో సహా 17 ఇరుకు సందుల్లో బండ్లు ఒకే దిశలో పోవాలని హుకుం జారీ అయింది. ఎదురెదురుగా వచ్చిన గుర్రపు బండ్లు ఇరుక్కుంటే ఎవరూ వెనక్కి తగ్గేవారు కాదు మరి. అక్కడ వన్‌వే వాజిబ్.

కానీ 20వ శతాబ్దంలో అమెరికా నగరాలు మరో మక్సద్‌తో వన్‌వేలు పెట్టాయి: ఆఫీసు నుంచి శివారు ఇంటికి కారు తొందరగా చేరాలి. ఎదురు బండి ఉండదన్న భరోసాతో డ్రైవరు కాలు బలంగా నొక్కుతాడు. అదే అసలు ముష్కిల్. లూయీవిల్ నగరంలో 2011లో రెండు వన్‌వే వీధుల్ని మళ్లీ రెండు వైపులా తెరిచారు. అక్కడ ప్రమాదాలూ నేరాలూ తగ్గాయని పరిశోధకులు రాశారు.

కాబట్టి నా మష్వరా ఇది. సందు మరీ ఇరుకైతే, రెండు ఆటోలు ఎదురైతే పిల్లలు కాలవ గట్టెక్కాల్సి వస్తే, వన్‌వే పెట్టమనండి. వీధి వెడల్పుగా ఉండి, మెయిన్ రోడ్డు రద్దీని మన గల్లీలోకి తోయడానికే అయితే అడ్డుపడండి. నానీని ఆస్పత్రికి తీసుకెళ్లే ఆటో ఎంత దూరం చుట్టి రావాలో కూడా ముందే లెక్క వేయండి.

ఖానూన్ మనకి ఒక మోకా ఇచ్చింది. మోటారు వాహనాల చట్టం 1988లోని 115వ సెక్షన్ కింద ప్రభుత్వం గానీ, అది అధికారం ఇచ్చిన అధికారి గానీ ఇలాంటి ఆంక్ష పెట్టొచ్చు. నెల రోజులు మించకపోతే గెజెట్ అక్కర్లేదు, స్థానికంగా ప్రకటన చేస్తే చాలు. ఆ నెల రోజుల ట్రయల్ అడగండి. పొద్దున బడి వేళ, అస్ర్ తర్వాత, ఇద్దరు కుర్రాళ్లని గుమ్మం దగ్గర కూర్చోబెట్టి బండ్లు లెక్క రాయించండి. ఆ కాగితం పట్టుకుని మునిసిపాలిటీకో, పంచాయతీకో వెళ్లండి.