బాలింత దిగులు ‘గాలి’ కాదు, జబ్బు: కనగానపల్లి దళితవాడల తల్లులకు దక్కాల్సిన వైద్యం

శ్రీ సత్యసాయి జిల్లా కనగానపల్లి మండలంలో కాన్పయిన ఇంటికి వచ్చినవాళ్లు బాలింతను ఏమడుగుతారు? పాలు పడుతున్నాయా, కుట్లు మానాయా, బిడ్డ నిద్రపోతున్నాడా? ‘నీ మనసెట్లుందమ్మా’ అనే ప్రశ్న ఆ వరుసలో ఉండదు. ఎవరూ అడగని జబ్బు బయటపడదు. ప్రసవానంతర కుంగుబాటు అలా దాగిపోయే జబ్బే. అది నయమవుతుంది. దళిత తల్లి దాకా ఆ వైద్యం ఎందుకు రావడం లేదు, ఎలా రప్పించుకోవాలి అన్నదే మేము ఇక్కడ చెప్పదలిచింది.

ఏది మామూలు, ఏది జబ్బు

కాన్పయిన మూడు నాలుగు రోజులకు ఊరికే ఏడుపు రావడం, చిరాకు చాలామంది తల్లుల్లో ఉంటాయి. రెండు వారాల్లోపే తగ్గిపోతాయి. అంతకు మించి దిగులు వదలకపోయినా, బిడ్డ పడుకున్నా తనకు కునుకు పట్టకపోయినా, తిండి సయించకపోయినా, ‘నేను తల్లిగా పనికిరాను’ అనిపించినా, చచ్చిపోవాలన్న ఆలోచన వచ్చినా అది కుంగుబాటు కావచ్చు. కొందరిలో అది కడుపుతో ఉన్నప్పుడే మొదలవుతుంది.

ఇంకొకటి అరుదైనది, ప్రమాదకరమైనది. వెయ్యి కాన్పుల్లో ఒకరిద్దరికి వస్తుంది. లేనివి కనిపించడం, వినిపించడం, పొంతన లేకుండా మాట్లాడటం దాని లక్షణాలు. దీన్ని ‘గాలి సోకింది’ అని మంత్రగాడి దగ్గరికి తీసుకెళితే విలువైన సమయం పోతుంది. ఆ రోజే ఆసుపత్రికి చేర్చాలి.

కారణాలు ఒంట్లోనే లేవు

2017లో ప్రపంచ ఆరోగ్య సంస్థ బులెటిన్ మన దేశంలోని 38 అధ్యయనాలను కలిపి చూసిన ఒక సమీక్షను ప్రచురించింది. అందులోని 20,043 మంది తల్లుల్లో సుమారు 22 శాతం మందికి ఈ కుంగుబాటు ఉన్నట్టు తేలింది. 2002లో తమిళనాడు పల్లెల మీద వచ్చిన అధ్యయనం తక్కువ ఆదాయం, కొడుకు కావాలనుకుంటే కూతురు పుట్టడం, అత్తతో పొసగకపోవడం, పనిలో చేయి సాయం లేకపోవడం వంటి కారణాలను గుర్తించింది. అదే ఏడాది గోవా అధ్యయనం భర్త పెట్టే హింసను కూడా చేర్చింది.

ఈ కారణాల్లో చాలావాటిని కులం ఇంకా బిగిస్తుంది. కనగానపల్లి కరువు సీమ. వాన మీద ఆధారపడిన చెనక్కాయ చేలలో భూమిలేని ఆడవాళ్లది దినకూలి. 2017 సవరణతో 26 వారాలకు పెరిగిన జీతంతో కూడిన ప్రసూతి సెలవు చేలో కూలికి పోయే తల్లికి అందదు. 2013 ఆహార భద్రతా చట్టం గర్భిణులకు, బాలింతలకు కనీసం 6,000 రూపాయలు ఇవ్వాలంది. మాతృవందన పథకం మాత్రం తొలి కాన్పుకు 5,000 ఇస్తుంది, రెండో కాన్పుకు ఆడపిల్ల పుడితేనే 6,000 ఇస్తుంది. ఇక భర్త బెంగళూరుకు వలసపోతే ఇంటి బరువంతా పచ్చి బాలింత మీదే పడుతుంది.

వీటికి తోడు అవమానం. ప్రసవ గదిలో తిట్లు, కులం తెలిశాక మారే మాటతీరు, గడప తొక్కకుండా బయటి నుంచే పలకరించి వెళ్లే సిబ్బంది: దళిత స్త్రీలు దేశమంతటా చెబుతున్న అనుభవాలివి. గౌరవం దక్కని చోట తల్లి తన మనసు విప్పదు.

ఆశా కార్యకర్త చేతిలో ఉన్న అవకాశం

ఈ జబ్బుకు మొదటి సాయం అందించడానికి ప్రతి ఊళ్లో డాక్టరే ఉండాలని లేదు. పాకిస్తాన్ పల్లెల్లో 903 మంది కుంగిన తల్లులతో చేసిన ప్రయోగం ఫలితాలు 2008లో వచ్చాయి. శిక్షణ పొందిన గ్రామ ఆరోగ్య కార్యకర్తలు ఇంటికి వెళ్లి మాట్లాడి ధైర్యం చెప్పినవారిలో ఆరు నెలలకు 23 శాతం మందికే జబ్బు మిగిలింది. మామూలు పలకరింపులే అందినవారిలో 53 శాతం మందికి మిగిలింది.

మన దగ్గర ఆసుపత్రి కాన్పయిన తల్లి ఇంటికి ఆశా కార్యకర్త 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో వెళ్లాలి. మామూలు దిగులు రెండు వారాల్లో పోతుంది కనుక 28, 42వ రోజు సందర్శనలు కుంగుబాటును పట్టుకోవడానికి సరైన సమయం. 1987లో వచ్చిన ఎడింబరో స్కేలులో ఉన్నవి పది ప్రశ్నలే. వాటిని అడగడానికి ఆశాకు శిక్షణ, అదనపు పనికి తగిన వేతనం ఇవ్వాలి. దళితవాడలో ఆ సందర్శనలు నిజంగా జరుగుతున్నాయో లేదో సంఘాలు లెక్క తీయాలి.

చట్టం ఇచ్చిన హక్కు

2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 18వ సెక్షన్ కులం పేరిట వివక్ష లేకుండా వైద్యం పొందే హక్కునిచ్చింది. దారిద్య్రరేఖకు దిగువన ఉన్నవారికి కార్డు ఉన్నా లేకపోయినా ప్రభుత్వ వైద్యం ఉచితం. 21వ సెక్షన్ ప్రకారం, చికిత్స కోసం చేరిన తల్లి నుంచి మూడేళ్లలోపు బిడ్డను మామూలుగా వేరు చేయకూడదు. బిడ్డకు ప్రమాదం ఉంటేనే, అదీ తాత్కాలికంగానే వేరు చేయాలి. ‘ఆసుపత్రికి పోతే బిడ్డను లాక్కుంటారు’ అనే భయానికి ఇదే జవాబు.

ఎక్కడికి వెళ్లాలి

2022 అక్టోబరులో మొదలైన టెలి మానస్ నంబరు 14416. ఫోన్ ఉచితం, తెలుగులో మాట్లాడవచ్చు. అనంతపురం ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. తల్లీబిడ్డలను కలిపి చేర్చుకునే వార్డు బెంగళూరు నిమ్హాన్స్‌లో 2009 నుంచి నడుస్తోంది. పాలిచ్చే తల్లులు వాడదగిన మందులూ ఉన్నాయి. డాక్టరును అడగకుండా మాత్రలు మానకూడదు.

బళ్లారి అనంతపురానికి పొరుగు జిల్లా. అక్కడి ప్రయోగమే నమూనాగా 1996లో జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం దేశంలో మొదలైంది. అది కనగానపల్లి దళితవాడలోని బాలింత గడప దాకా రావాలి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి ఇచ్చే ప్రతి వినతిపత్రంలో ఈ డిమాండునూ చేర్చాలని కార్యకర్తలను, విద్యార్థులను కోరుతున్నాం.