ఇంజిన్ మార్చాక కారు ఏసీ పనిచేయట్లేదా?

పాత కారుకు ఇంజిన్ మార్పిస్తే ఏసీ పాడవ్వాలని లేదు. కంప్రెసర్‌ను పైపులతో సహా పక్కకు తీసి కట్టి ఉంచితే గ్యాస్ కదలదు. తొందరలో పైపులు విప్పి, మూతులు మూయకుండా రోజుల తరబడి వదిలేస్తేనే చిక్కు. లోపలి నూనె గాలిలోని తేమను పీల్చేసుకుంటుంది. ఆ తేమ ఆమ్లాలకు దారితీసి లోహాన్ని తినేస్తుంది.

అందుకే "కాస్త గ్యాస్ కొడితే చాలండీ" అంటే ఒప్పుకోకండి. విప్పిన ప్రతి జాయింటుకూ కొత్త ఓ-రింగు, ఆపైన కొత్త డ్రయ్యర్ వేయాలి. తర్వాత కనీసం అరగంట వాక్యూమ్ పట్టాలి. పీడనం అంతగా పడిపోతే నీరు మామూలు వేడికే మరిగి ఆవిరైపోతుంది (ఇంటర్ ఫిజిక్సే!). పంపు ఆపాక ముల్లు వెనక్కి వస్తుంటే లీకు అనుమానించాలి. ఏ గ్యాస్, ఎంత తూకం అన్నది బానెట్ కింది స్టిక్కర్ మీద ఉంటుంది. హైబ్రిడ్ అయితే నూనె కూడా వేరు. మామూలు పీఏజీ నూనె పోస్తే కరెంటు కంప్రెసర్ ఇన్సులేషన్ దెబ్బతింటుంది.

హైవే మీద చల్లగా ఉండి సిగ్నల్ దగ్గర వేడిగాలి వస్తోందా? ముందు ఫ్యాన్ కనెక్టర్ చూపించండి, తగిలించడం మరిచి ఉండొచ్చు.

అమెరికాలో డబ్బు తీసుకుని ఈ పని చేసేవారికి సెక్షన్ 609 సర్టిఫికెట్ ఉండాలి. టెక్సస్ ఎండలో వెనక సీట్లో కూర్చునేది పిల్లలు, అడగడానికి మొహమాటమెందుకు? ఇంజిన్ మార్చిన షాపుకే మొదట రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి. ఈలోగా సీలెంట్ డబ్బాలు మాత్రం పోయొద్దు. అది ఉందని తెలిస్తే వేరే షాపువాళ్లు తమ మెషీన్ తగిలించడానికి ఒప్పుకోకపోవచ్చు.