వేలిముద్ర నుండి బియ్యపుగింజ దాకా

నా చిన్నతనంలో విజయవాడ నుండి మద్రాసు వెళ్ళే రైలు బాపట్ల దాటగానే మా నాన్నగారు కిటికీ తలుపు దించేవారు. "స్టువర్టుపురం వస్తోంది" అనేవారు. అంతకు మించిన వివరణ ఉండేది కాదు. మేమూ అడిగేవాళ్ళం కాదు.

మనిషి చర్మం కింద అమర్చే గుర్తింపు చిప్పును గూర్చి చదువుతుంటే నాకు ఆ ఊరే గుర్తుకు వచ్చింది. 2004లో అమెరికా ప్రభుత్వం 'వెరిచిప్' అనే పరికరాన్ని వైద్య అవసరాలకు అనుమతించింది. బియ్యపుగింజంత గాజు గొట్టం. అందులో బ్యాటరీ ఉండదు. చదివే యంత్రాన్ని దగ్గరకు తెస్తే పదహారంకెల సంఖ్యను మాత్రం చెబుతుంది. రోగికి స్పృహ లేకపోయినా ఆ సంఖ్య ఆధారంగా వైద్యుడు అతని వివరాలు తెలుసుకోవచ్చునని ఉద్దేశం. ఆదరణ లేక 2010లో దాని అమ్మకం ఆగిపోయింది. 2017లో విస్కాన్సిన్‌లోని ఒక కంపెనీ ఉద్యోగులు కొందరు, తలుపులు తెరవడానికీ చిరుతిళ్ళు కొనడానికీ, అటువంటి చిప్పునే ఇష్టపడి చేతిలో పెట్టించుకున్నారు.

ఇందులో గమనించవలసినది ఒకటుంది. ఒంట్లో ఉన్నది అంకె మాత్రమే. మనిషి కథ ఉన్నది వేరొకరి చిట్టాలో.

అటువంటి చిట్టా కృష్ణా డెల్టాకు కొత్త కాదు. 1871 నాటి నేరస్థ జాతుల చట్టం, 1911లో తిరగరాసిన తరువాత మద్రాసు ప్రెసిడెన్సీకీ వర్తించింది. ప్రభుత్వం ఒక తెగను నేరస్థ జాతిగా ప్రకటిస్తే చాలు. ఆ ప్రకటనను న్యాయస్థానంలో ప్రశ్నించడానికి వీలులేదు. చిట్టాకెక్కిన వారి వేలిముద్రలు తీసుకునేవారు. వారు వేళకు హాజరు చెప్పుకోవాలి, ఊరు దాటితే తెలియజేయాలి. ఎద్దుల మీద, గాడిదల మీద ఉప్పూ ధాన్యమూ మోసుకుని తిరిగిన ఎరుకలవారి వర్తకాన్ని రైళ్ళు అప్పటికే దెబ్బతీశాయి. వారి సంచారమే వారి నేరమైంది. వారికోసం సాల్వేషన్ ఆర్మీ నడిపిన సెటిల్‌మెంటే స్టువర్టుపురం. మద్రాసు గవర్నరు కార్యనిర్వాహక మండలి సభ్యుడు హెరాల్డ్ స్టువర్టు పేరే దానికి పెట్టారు. బెజవాడకు ఎదురుగా, కృష్ణ ఆవలి ఒడ్డున సీతానగరంలోనూ అటువంటిదే ఒకటి ఉండేది.

మద్రాసులో 1947లోనూ, దేశమంతటా 1952లోనూ ఆ చట్టం రద్దయింది. చిట్టా మూతపడింది గాని, మా రైలు కిటికీ మూతపడడం మానలేదు.

ఆధార్‌ను దీనితో పోల్చడం సబబు కాదు. అది ఒక తెగను వేరుచేసి వేసిన ముద్ర కాదు. అయినా కోతలు కోసి, నాట్లు వేసి అరిగిన వేళ్ళను రేషను దుకాణంలోని యంత్రం గుర్తించకపోతే, తానే ఫలానా అని చెప్పుకోవలసిన భారం ఆ కూలీదే. చిప్పు వచ్చినా ప్రశ్న ఇదే: చిట్టా ఎవరి చేతిలో ఉంది? అందులో తప్పు పడితే దిద్దమని అడిగే హక్కు ఎవరికుంది?

మా నాయనమ్మ ముంజేతి మీద పచ్చబొట్టు ఉండేది. ఇష్టపడి, నొప్పి ఓర్చుకుని, కొంగున కట్టిన డబ్బులిచ్చి పొడిపించుకున్నదట. పొడిచినది ఒక ఎరుకల స్త్రీ. ఆమె వేలిముద్ర అప్పటికే ఏ చిట్టాలో ఉండేదో మా ఇంట్లో ఎవరూ అడగలేదు.