ఇత్సుకుషిమా: నీళ్ళ మీద గుడి

బడి జ్ఞాపకాలు నాకంటే బాగా రాయగలవాళ్ళు మన బ్యాచ్‌లోనే నలుగురైదుగురున్నారు. అందుకే ఈ స్వర్ణోత్సవ సంచికకు మన సోషల్ మాస్టారికి నచ్చే సంగతి ఒకటి రాస్తున్నాను. ఏ కట్టడం చూసినా, ఎవరు కట్టారో తర్వాత, అక్కడే ఎందుకు కట్టారో ముందు అడగండిరా అనేవారాయన. ఉద్యోగం పని మీద జపాను వెళ్ళినప్పుడు, ఒక ఆదివారం అక్కడి ఇంజనీరు మిత్రుడు నన్ను ఇత్సుకుషిమా గుడికి తీసుకెళ్ళాడు. ఆ ప్రశ్న అక్కడ బాగా పనికొచ్చింది.

హిరోషిమా దగ్గర మియాజిమా అనే దీవి ఉంది. రేవు నుంచి పడవలో పది నిమిషాలు. జపానువాళ్ళ షింతో సంప్రదాయంలో కొండా చెట్టూ కూడా దైవాలే. ఈ దీవి మొత్తం దైవమే కనుక దాని మీద పునాదులు తవ్వడం అపచారం అనుకున్నారు. అందుకని ఒడ్డున, ఆటుపోట్లు వచ్చిపోయే నేలలో, స్తంభాల మీద గుడి నిలిపారు. పోటు వేళ గుడి నీళ్ళ మీద తేలుతున్నట్టుంటుంది. ఆటు వేళ కింద బురద కనిపిస్తుంది.

593లో తొలి గుడి వెలసిందని ఐతిహ్యం. ఇప్పటి అమరిక మాత్రం 1168 ప్రాంతంలో తైరా నో కియోమోరి అనే యోధ నాయకుడు ఇచ్చింది. ఆయన 1146లో ఈ ప్రాంతానికి పాలకుడిగా వచ్చాడు. చైనాతో వ్యాపారం చేసే ఓడలు ఈ సముద్రం మీదుగానే వెళ్ళేవి. గుడిలోని ముగ్గురు అక్కచెల్లెళ్ళేమో నావికులను కాచే దేవతలు. భక్తితో పాటు వ్యాపారం లెక్కా ఉందని నా అభిప్రాయం. మన రాజులు మాత్రం వేరా?

గుడి ముందు సముద్రంలో నిలబడ్డ ఎర్రటి ద్వారాన్ని తోరీ అంటారు. ఫోటోల్లో మీరూ చూసే ఉంటారు. ఎత్తు 16 మీటర్ల పైచిలుకు, బరువు 60 టన్నులు. ఇప్పుడున్నది 1875లో నిలిపింది. రెండు పెద్ద స్తంభాలూ కర్పూర వృక్షాల మానులు. వాటిని భూమిలో పాతలేదు! కింద బురదలో పైన్ దుంగలు దిగ్గొట్టి, ఆ గట్టి చేసిన నేల మీద ఊరికే నిలబెట్టారు. పై దూలం బోలు పెట్టె. దాన్నిండా పిడికిలంత రాళ్ళు టన్నులకొద్దీ నింపారు. ఆ బరువే దాన్ని కదలకుండా పట్టి ఉంచుతుంది. నీళ్ళలో కట్టేదాన్ని ఎంత లోతుకు దింపాలా అని నా సర్వీసంతా లెక్కలు వేసినవాణ్ణి. అక్కడ చాలాసేపు నిలబడిపోయాను. గుడి నడవాల్లోనూ ఇలాంటి తెలివే ఉంది. నేల పలకల మధ్య సందులు వదిలారు. తుపాను వేళ అడుగునుంచి తన్నుకొచ్చే నీళ్ళు ఆ సందుల్లోంచి పైకి చిమ్ముతాయి, పలకల మీద ఒత్తిడి తగ్గుతుంది. అలాగని దెబ్బ తినలేదని కాదు. 1991లోనూ 2004లోనూ తుపాన్లకు బాగానే పాడైంది, మళ్ళీ బాగుచేసుకున్నారు.

ఒడ్డు వెంట గుడికి వెళ్ళే దారిలో కాపలాగా జంట రాతి మృగాలున్నాయి. పేరు కోమైను, అంటే కొరియా కుక్క. కాని రూపం సింహానిది. సింహమే లేని దేశానికి, మన దగ్గర బయల్దేరిన సింహం చైనా, కొరియాల మీదుగా వెళ్ళి అలా మారింది. ఒకటి నోరు తెరిచి 'ఆ' అంటుంది, రెండోది నోరు మూసి 'ఉన్' అంటుంది. అవి సంస్కృతంలోని 'అ', 'హూం', ఆదీ అంతమూ. మాటల్లేకుండా ఒకరి మనసు ఒకరెరిగి పనిచేసే ఇద్దరిని జపానువాళ్ళు 'ఆ-ఉన్ శ్వాస' ఉన్నవాళ్ళంటారట. మా మిత్రుడు చెబితే, ఎన్నో ఏళ్ళు నాతో పనిచేసిన మేస్త్రీ ఒకాయన గుర్తొచ్చాడు.

అసలు కథ లోపల ఉంది. ఆ ముగ్గురు దేవతల్లో ఇచికిషిమాహిమేను శతాబ్దాలపాటు బెంజైతెన్ అనే పేరుతోనూ కొలిచారు. బెంజైతెన్ అంటే మన సరస్వతి. సువర్ణప్రభాస సూత్రం అనే బౌద్ధ గ్రంథం వెంట చైనా దాటి జపాను చేరింది. మొదట నది కదా, అక్కడా నీళ్ళను వదల్లేదు. ఆమె గుళ్ళు చాలావరకు దీవుల్లోనూ చెరువుల నడుమా ఉంటాయి. ఇలా షింతో, బౌద్ధం కలిసి ఒకే ప్రాంగణంలో బతికాయి. 1868లో మేజీ ప్రభుత్వం రెంటినీ విడదీయమని ఉత్తర్వు ఇచ్చింది. దేశమంతా ఎన్నో బౌద్ధాలయాలు దెబ్బతిన్నాయి, విగ్రహాలు పోయాయి. వెయ్యేళ్ళుగా కలిసి ఉన్నవాటిని ఒక కాగితంతో విడదీయవచ్చనుకోవడం ప్రభుత్వాలకు మాత్రమే తట్టే ఆలోచన. ఇక్కడ బెంజైతెన్ విగ్రహాన్ని గుడి నుంచి తీసి పక్కనున్న దైగన్‌జి అనే బౌద్ధాలయానికి మార్చారు. 1407 నాటి అయిదంతస్తుల పగోడా మాత్రం పక్క గుట్ట మీద అలాగే ఉంది.

నడవా చివర బయటికొస్తే దైగన్‌జి నాలుగడుగుల దూరం. గుడిలో రెండుసార్లు చప్పట్లు చరిచి మొక్కిన మా మిత్రుడు, ఇక్కడ చప్పుడు లేకుండా చేతులు జోడించాడు. "బెంతెన్ సాన్" అంటూ ఆమె ఎవరో నాకు వివరించబోయాడు. తెలుసన్నాను. బాసరలో గోదావరి ఒడ్డున మా అమ్మాయికి అక్షరాభ్యాసం చేయించింది ఆమె సన్నిధిలోనే.